చింతలేని గింజ – 12: గట్టు దాటిన నీళ్ళు

కిందటి వారం నన్ను పెరట్లో నెత్తి నిండా కుంకుడు నురగతో నిలబెట్టి వెళ్ళిపోయాను. వారం రోజులూ అలాగే ఉండిపోయానేమోనని ఎవరూ కంగారు పడక్కర్లేదు. గేటు దగ్గర, మా మట్టిని పరీక్షించే కో అనే అమ్మాయి స్కూటర్ ఆగగానే రెండు చెంబులు గుమ్మరించుకుని, తువ్వాలు చుట్టుకుని పరిగెత్తాను. ఆమె చేతిలో యూనివర్సిటీ వాళ్ళ కవరు ఉంది.

ఆ కవరు ఎందుకంత గొప్పదో మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి చెప్పాలి. మా తైవాన్ పడమటి మైదానంలో పొలానికి నీళ్ళు తెచ్చే కాలవా, పొలం వదిలేసిన నీళ్ళు మోసుకుపోయే కాలవా ఒక్కటే. వడ్డించిన గిన్నెలోనే చెయ్యి కడుక్కున్నట్టు. ఆ గట్టు మీదే కుళాయిలకి మెరుగుపూత వేసే షెడ్లు లేచాయి. పూత నీళ్ళలోని కాడ్మియం మా మడిలోకొచ్చి కాపురం పెట్టింది. తొమ్మిదేళ్ళ కిందట, కంకి పాలు పోసుకునే వేళ, ఆఫీసువాళ్ళొచ్చి పచ్చి వరి కోయించి, లారీకెత్తించి కాల్చేశారు. గట్టు మీద ఒక బోర్డు పాతి వెళ్ళారు: 'ఈ నేలలో తినే పంట వేయరాదు.' మా ఆయన చిన్-హో ఆ బోర్డుని చూస్తూ అయిదేళ్ళు బతికి, ఇక చాలనుకున్నాడు. మా అత్తగారు మాత్రం దాని మీద మసిగుడ్డలు ఆరేసుకునేది.

నిరుడు చలికాలంలో ఈ కో అమ్మాయి వచ్చింది. ఘాటైన యాసిడ్లతో మట్టిని కడిగితే విషంతో పాటు మట్టి ప్రాణం కూడా పోతుంది, కుంకుడు రసంతో కడుగుదాం అంది. మా వైపు కుంకుడుకాయని 'చింతలేని గింజ' అంటారు. పేరు పెట్టినవాడు పొలం చేసి ఉండడు. మూడు నెలలు పెరట్లో కాగుల్లో కాయలు ఉడకబెట్టాను. ఆ రసం మడిలో నిండా పెట్టడం, దమ్ము చేయడం, మట్టి పేరుకున్నాక పైనీళ్ళని మూలనున్న గుంటలోకి తీయడం. గుంటకి నల్ల ప్లాస్టిక్ పరిచాం. విషం అందులో బొగ్గుకీ సున్నానికీ పట్టుకుని ఆగిపోవాలి. అలా ఆరు కడుగులు కడిగాం. ఈ కవరులో ఉన్నది కడిగిన మట్టి పరీక్ష. పాసైతే బోర్డు తీసేస్తారు, ఈ నెలలోనే రెండో పంటకి నాట్లు వేసుకోవచ్చు.

ఇక మా కిందమడి. అది మా మరిది చిన్-చాయ్‌ది. పన్నెండేళ్ళ కిందట అన్నదమ్ములిద్దరూ కాలవ నీళ్ళ వంతు దగ్గర పారలెత్తుకున్నారు. "నీ కాలవ నీళ్ళు ముడితే ఒట్టు," అని చిన్-చాయ్ బోరు వేయించుకున్నాడు. ఆ పంతమే అతన్ని కాపాడింది. బోరు నీళ్ళు తాగిన అతని మడీ, ఆ బోరు మీదే ఆధారపడిన కింది పదకొండు ఇళ్ళ మడులూ పరీక్షలో శుభ్రంగా తేలాయి. మా ఊళ్ళో మంచితనం ఎవరినైనా కాపాడిందో లేదో తెలీదు గానీ, మొండితనం పన్నెండు మడులని కాపాడింది. అన్న శవానికి కూడా చిన్-చాయ్ వీధిలోంచే దణ్ణం పెట్టి వెళ్ళాడు. మా గడప దాటలేదు.

అదీ సంగతి. ఇప్పుడు కవరు.

"అక్కా, ముందు కూర్చో," అంది కో అమ్మాయి.

"మంచి కబురు చెప్పేవాళ్ళు కూర్చోమనరు."

"మంచి కబురే. పాసైంది."

నేను ముందుగదిలోకొచ్చి కూర్చున్నాను. జుట్టులోంచి నీళ్ళు కారి కవరు మీద పడుతున్నాయి. లోపలినుంచి మా అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ పేరు బాంగ్-చి. అంటే 'పోనీలే, పెంచుదాం' అని. ఆ రోజుల్లో ఆడపిల్ల పుడితే పెట్టే పేర్లు అలా ఉండేవి. పోనీలే అని పెంచినందుకు డెబ్భై ఎనిమిదేళ్ళుగా అందరినీ ఆవిడే పెంచుతోంది.

"పాసా? ఎన్నొచ్చాయి?"

"దీన్లో ఎంత తక్కువొస్తే అంత మంచిది బామ్మగారూ."

"అయితే మా పిల్లలిద్దరూ బళ్ళో ఇలాంటి పరీక్షలే రాసుంటారు. అనవసరంగా కొట్టాను."

మెళ్ళో ఉన్న నల్లటి కుంకుడు గింజల మాల రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. తరవాత పెరట్లోకెళ్ళి గునపం తెచ్చింది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"బోర్డు పీకడానికి."

"అది ఆఫీసువాళ్ళొచ్చి తీయాలి."

"పాతేటప్పుడు నన్నడిగారా, పీకేటప్పుడు నేనడగడానికి? వచ్చే నెల మీ మామయ్య తద్దినం. కొత్త బియ్యం ఎలాగూ అందవు. కనీసం నాట్లు పడ్డాయని ఆయనతో చెప్పాలి కదా."

నేను నవ్వాను. కో అమ్మాయి నవ్వలేదు. ఆ పిల్లకి మా అత్తగారి మాటలంటే సరదా, నోట్‌బుక్ చివరి పేజీల్లో రాసుకుంటుంది కూడా. అలాంటిది ఆ రోజు నోట్‌బుక్ మొదటి పేజీలు తీసి, గుంట గురించి అడగడం మొదలుపెట్టింది.

"అక్కా, ఒక లెక్క కుదరట్లేదు. మట్టిలోంచి పది పాళ్ళు విషం వదిలింది. గుంటలో దొరికింది అయిదు పాళ్ళే."

"ఎండలకి ఆవిరైపోయి ఉంటుంది. ఈసారి కరువు మామూలుదా?"

"నీళ్ళు ఆవిరవుతాయి. కాడ్మియం ఎక్కడికీ పోదు."

"ప్లాస్టిక్‌కి చిల్లు పడిందేమో."

"నిన్న గుంట ఖాళీ చేయించి చూశాం. ఒక్క చిల్లు లేదు." పేజీ మీద వేలు పెట్టింది. "కొలకర్ర ప్రకారం రెండో కడుగు, నాలుగో కడుగు, అయిదో కడుగు. ఈ మూడుసార్లూ గుంటలోకి రావలసినన్ని నీళ్ళు రాలేదు. అప్పుడే పట్టుకోవాల్సింది. నేనూ ఆవిరనే అనుకున్నాను."

వాకిట్లో గునపం నేలకి ఆనిన చప్పుడు వినిపించింది.

"దానికింత రాద్ధాంతమెందుకు? ఆ నీళ్ళు నేనే వదిలాను," అంది మా అత్తగారు.

దొంగతనం ఒప్పుకున్నట్టు కాదు, కొత్త కోడలికి పులుసు ఎలా పెట్టాలో చెప్పినట్టు చెప్పింది. "మీరిద్దరూ నూడిల్స్ తినడానికి సందు చివరికి వెళ్ళేవాళ్ళు కదా. అప్పుడు గట్టుకి గండి కొట్టి చిన్నోడి మడిలోకి వదిలేదాన్ని. మీరొచ్చేలోపు పూడ్చేసేదాన్ని. గంటసేపు తినేవాళ్ళు మీరు. అవి నూడిల్సో, తాడో."

"అత్తయ్యా..."

"పిక్-హున్, వాడి బోరు ఎండిపోయిందమ్మా. మడి నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లో నా కాలు పడుతుంది, చూశాను. పక్కనే మనం మడి నిండా నీళ్ళు పెట్టి, గిలక్కొట్టి, తీసుకెళ్ళి గుంటలో ఎండబెడుతున్నాం. నాకు నీళ్ళు పారబోయడం చేతకాదమ్మా. పైమడి వాడుకుని కిందమడికి వదలాలి. నేను కాపురానికొచ్చిన రోజు మా అత్త చెప్పిన మొదటి మాట అది. రెండోది పొయ్యి గురించి."

"నన్నొక్క మాట అడక్కపోయావా?"

"మీ మామయ్యనడిగాను. ఆయన సరేనన్నాడు."

మామయ్య పోయి ఇరవయ్యేళ్ళయింది. అయినా మా ఇంట్లో ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఆయనవే. పెద్దల బల్ల ముందు రెండు చెక్క నెలవంకలుంటాయి, ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. ప్రశ్న అడిగి నేల మీద వేస్తే, ఒకటి చదునుగా ఒకటి ఉబ్బుగా పడితే 'ఊఁ' అన్నట్టు. రెండూ బోర్లా పడి ఉబ్బులు పైకొస్తే 'వద్దు'. రెండూ వెల్లకిలా పడి చదునులు పైకొస్తే పెద్దలు నవ్వుతున్నట్టు, ఆ ప్రశ్నకి జవాబు లేనట్టు.

"మూడుసార్లు వేశాను. మూడుసార్లూ ఊఁ అన్నాడు."

"ఏమని అడిగావు?"

"చిన్నోడి మడికి నీళ్ళు వదలనా అని."

"ఏ నీళ్ళో చెప్పావా?"

ఆవిడ నా వంక చూసింది. "నీళ్ళు నీళ్ళే కదా. కాలవ నీళ్ళు చెడ్డవని నాకు తెలుసు, అవి వదల్లేదు. ఇవి శుభ్రం చేసే నీళ్ళు. నువ్వు చేతులతో కాచినవి. ఇప్పుడు ఈ కుంకుళ్ళతోనే తల రుద్దుకుంటున్నావు."

కో అమ్మాయి ఏదో చెప్పబోయింది. పదాలు పెద్దవొచ్చాయి, మధ్యలో ఆపేసింది. చెప్పాల్సింది నేనేనని అర్థమైంది. నేనూ కాలేజీలో రసాయన శాస్త్రం చదివినదాన్నే. ఆ చదువు అప్పటిదాకా అప్పడాల్లో సోడా ఎంత వేయాలో చెప్పడానికే పనికొచ్చింది.

"అత్తయ్యా, మామయ్య పొలం పనికి వెళ్ళిన రోజుల్లో ఆయన చొక్కాలు ఎవరు ఉతికేవాళ్ళు?"

"ఇంకెవరు?"

"సబ్బు పెట్టి ఉతికాక చొక్కా తెల్లగా వచ్చేది కదా. మరి మురికేమైంది?"

"ఏమవుతుంది, నీళ్ళలోకి..."

మాట అక్కడే ఆగిపోయింది.

ఎదురుగా ఉన్న మనిషికి ఒక విషయం అర్థమవుతుంటే చూడటం నాకు ఎప్పుడూ ఇష్టమే. ఆ రోజు మాత్రం చూడలేక తలొంచుకుని తువ్వాలు పిండుకున్నాను. ఆవిడ గునపాన్ని గోడకి ఆనించింది. అది జారి పడబోతే పట్టుకుని మళ్ళీ ఆనించింది.

"ఉతికిన నీళ్ళు తీసుకెళ్ళి నా కొడుకు కంచంలో పోశానన్నమాట," అంది.

గునపం పక్కనే కింద కూర్చుంది.

"వాడు మొన్ననే కోశాడు కదా. ఆ గింజల్లో ఉంటుందా?"

"పరీక్ష చేస్తే గానీ తెలీదు బామ్మగారూ," అంది కో అమ్మాయి. "ఉండకపోతే నాకు ఆశ్చర్యం. కుంకుడు రసం విషాన్ని మట్టి పట్టులోంచి విడిపిస్తుంది. అలా విడిపడింది వేరుకి ఇంకా తేలిగ్గా దొరుకుతుంది."

"తింటే చచ్చిపోతారా?"

"ఒక పూటకి ఏమీ కాదు. ఏళ్ళ తరబడి తింటే మూత్రపిండాలు, ఎముకలు... నేను రిపోర్టు ఇవ్వక తప్పదు. రేపే అతని మడి మట్టి తీయాలి."

"తీస్తే వాడికీ బోర్డు పాతుతారు."

ఆ పిల్ల తల ఊపింది. మా అత్తగారు మాలలో గింజలు ఒక్కొక్కటే జరుపుకుంటూ కూర్చుంది. మంత్రం చదువుతోందో, లెక్కపెడుతోందో తెలీలేదు.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది.

నిలబడ్డవాడు చిన్-చాయ్. భుజం మీద గోతం. చెప్పులు గుమ్మం బయటే విప్పి, వరసగా పెట్టి, ఒకసారి సర్దాడు. ఆ సర్దడంలో పన్నెండేళ్ళున్నాయి. తరవాత గడప దాటాడు.

"వదినా, జుట్టు తుడుచుకో. జలుబు చేస్తుంది," అన్నాడు. పన్నెండేళ్ళ తరవాత నాతో అతను మాట్లాడిన మొదటి మాట అది. రెండోది వాళ్ళమ్మతో. "ముసల్దానా, ఇంకా బతికే ఉన్నావా?"

"నువ్వొస్తావని ఉన్నాను," అంది మా అత్తగారు.

గోతం దించాడు. "కొత్త బియ్యం. నిన్ననే పట్టించాను. ముందు నాన్నకి పెట్టి, తరవాత అందరం తిందామని వచ్చాను. ఎండుముల్లంగి అట్టు వేస్తావా వదినా? మా ఇంట్లో వేస్తారు గానీ, దాంతో చెప్పులు కుట్టుకోవచ్చు."

నేను నోరు తెరిచాను. మా అత్తగారు నా మణికట్టు పట్టుకుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ చేతిలో ఆ పట్టు ఎక్కడిదో. వంటింట్లోకి లాక్కెళ్ళి గొణిగింది.

"ఒక్క పూట."

"అత్తయ్యా, చెప్పాలి."

"చెబుదువు గానీ. ఆ పిల్ల ఒక పూటకి ఏమీ కాదంది కదా. నా కొడుకు నా ఇంట్లో ఒక్క పూట అన్నం తిని వెళ్ళాక చెప్పు. చెప్పాక మళ్ళీ రాడు."

కో అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. అట్టుకి గుడ్లు కొట్టిపెట్టింది.

బియ్యం కడుగుతుంటే ఒక సంగతి వింతగా అనిపించింది. గింజలన్నీ ఒకలా లేవు. కొన్ని పొట్టి, కొన్ని సన్నం, కొన్ని మరీ తెలుపు. ఒక్క మడిలో ఇన్ని రకాలు పండవు. కడిగిన నీళ్ళు ఎక్కడ పోయాలో తెలీక గిన్నెలోనే ఉంచేశాను.

అన్నం ఉడికి కుక్కర్ మీట టక్కున పైకి లేచింది. మొదటి గిన్నె పెద్దల బల్ల మీద పెట్టాం, పక్కన అట్టు, ఉడికించిన వెదురు మొలకలు. అగరువత్తులు వెలిగించి చిన్-చాయ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బల్ల మీద అన్న ఫొటో కూడా ఉంది. దాని వంక చూసి, "నీళ్ళు పంపావు కదరా, ఇంకేం," అన్నాడు. తరవాత ముక్కు గట్టిగా చీదుకున్నాడు.

మా పద్ధతిలో పెద్దలు తినడం ముగించాకే మనం తినాలి. ముగించారో లేదో చెక్కలనే అడగాలి. మా అత్తగారు వేసింది. రెండూ బోర్లా పడ్డాయి. వద్దు.

"నాన్న ఇంకా తింటున్నాడు," అన్నాడు చిన్-చాయ్. "తొమ్మిదేళ్ళు కొన్న బియ్యం పెట్టారు, మరి ఆకలుండదా? అమ్మా, కంగారు పెట్టకు ఆయన్ని."

కాసేపాగి మళ్ళీ వేసింది. మళ్ళీ బోర్లా.

"అబ్బో. మూడో వాయి." మఠం వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా కొత్త మనిషి ఉండటంతో కో అమ్మాయి వైపు తిరిగి కబుర్లు మొదలుపెట్టాడు. "నీ కుంకుడు నీళ్ళు బంగారం అమ్మాయ్. మా వరికి ప్రాణం పోయడం ఒక ఎత్తు. నత్తల సంగతి చూశావా? గులాబీ గుడ్లు పెట్టే నత్తలు ఏటా లేత నారు నమిలేస్తాయి. ఈ నీళ్ళు తగలగానే ఒక్కటి మిగిలితే ఒట్టు. తేలిపోయాయి."

"అవును," అంది కో అమ్మాయి మెల్లిగా. "కుంకుడు రసం నత్తలకి పడదు."

"నేనొక్కణ్ణే వాడుకుంటే బావుంటుందా? మా అమ్మ నాకు వదిలింది, నేను కిందవాళ్ళకి వదిలాను. నా బోరు మీద బతికేవాళ్ళు కదా, బోరెండిపోతే వాళ్ళేమైపోతారు? వాళ్ళు వాళ్ళ కిందవాళ్ళకి వదిలారు. నత్తలు చస్తున్నాయని తెలిశాక నువ్వు ముందు నేను ముందు అని కొట్టుకున్నారనుకో. పదకొండు మడులూ తడిశాయి." గోతం వైపు చెయ్యి చూపించాడు. "అందుకే ఇంటికో శేరు వేశారు. 'మీ అమ్మకీ వదినకీ మా పేరు చెప్పి పెట్టు' అన్నారు. పన్నెండు ఇళ్ళ బియ్యం అది."

నా చేతిలో వడ్డించే గరిటె ఉంది. దాన్ని కిందపెట్టాలని తోచలేదు.

కో అమ్మాయి నోట్‌బుక్ మూసేసింది. "పారేకొద్దీ పలచబడి ఉండొచ్చు అక్కా," అంది నాకు మాత్రమే వినబడేలా. ఆ మాట తనైనా నమ్మిందని నాకు అనిపించలేదు. ఆ వరస మొత్తం మీద ఇప్పుడు అనుమానం లేని మడి ఒక్కటే, మాది. దాన్ని మేం ఎంత బాగా కడిగామంటే, ఊరివైపు తలెత్తి చూడటానికి లేదు.

మా అత్తగారు ఇటు తిరగలేదు. మూడోసారి చెక్కలు వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి.

"నవ్వుతున్నాడు," అన్నాడు చిన్-చాయ్, తనూ నవ్వుతూ. "అడుగు అమ్మా, ఎందుకో అడుగు."

ఆవిడ చెక్కలు ఏరుకుంది. ఈసారి పైకి అడగలేదు. వాటిని నుదుటికి ఆనించుకుని పెదవులు కదిపింది. ఎంతోసేపు కదిపింది. ఏ నీళ్ళో ఈసారి ఆయనకి వివరంగా చెప్పి ఉంటుంది. తరవాత వదిలింది. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడింది.

"ఊఁ అన్నాడు. తిందాం పదండి," అని చిన్-చాయ్ లేచి, బల్ల మీది గిన్నె అందుకోబోయాడు.

మా అత్తగారు ఆ గిన్నె మీద అరచెయ్యి బోర్లించింది. పొగలు కక్కుతున్న అన్నం మీద, అలాగే.

"చిన్నోడా. వెళ్ళి ఆ పదకొండు ఇళ్ళవాళ్ళనీ పిలుచుకురా."

"ఇప్పుడా? అంతమందికి అన్నం చాలదే."

"భోజనానికి కాదు."

చిన్-చాయ్ వాళ్ళమ్మ వంకా నా వంకా చూశాడు. పన్నెండేళ్ళ తరవాత కొడుకు గడప దాటితే, ఆ సంబరం ఊరందరికీ చూపించుకోవాలనుకుంటోంది ముసల్ది అనుకున్నట్టున్నాడు. కళ్ళు తుడుచుకుని, "సరే, సరే," అంటూ గుమ్మం దగ్గరికెళ్ళి చెప్పులు వేసుకున్నాడు.

"ఒక్కళ్ళని కూడా వదలను," అన్నాడు. "అట్టు మాత్రం ఉంచండి."